మడమ పైన ఆ తాడు సంగతి

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాక రాత్రంతా నీ ఆలోచనే. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోందని రాశావే, అది మనసులోంచి పోవడం లేదు. స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు, వాటి ఇంజెక్షన్ చేయించుకోనా అని అడిగావు. తెలిసినంతవరకూ చెప్తాను, ఓపిగ్గా చదువు.

మడమ పైన రెండు వేళ్లతో పట్టి చూడు, తాడులా గట్టిగా తగులుతుంది. అదే అకిలీస్ టెండన్, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపేది. లోపలంతా పేనినట్టు వరసగా ఉన్న కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. వాటి మధ్య కణాలు తక్కువ, రక్తప్రసరణ అంతకన్నా తక్కువ. ముఖ్యంగా మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన. నీకు వాచింది సరిగ్గా అక్కడే! అందుకే మానడానికి నెలలు పడుతుంది. మానినా కొత్త పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుని, పాత బలం పూర్తిగా రాదు.

ఎక్కించిన కణాలే కొత్త టెండన్‌గా మారతాయని నేనూ అనుకునేవాణ్ణి. కానీ ఎముక మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసిన ఆ కణాల్లో చాలావరకు అక్కడ ఎక్కువకాలం నిలవవట. ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కల కణాలకు సంకేతాలు పంపి, వాపు తగ్గించి, మరమ్మతు పనిని ఉసిగొల్పుతాయి. 1991లో వాటికి మీసెన్‌కైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లన్, అందుకే ఆ పేరు మార్చాల్సిందేనని 2017లో తనే రాశాడు. తను పెట్టిన పేరునే వద్దనడానికి ఎంత నిజాయితీ కావాలి!

పందెం గుర్రాల్లో నిజంగానే ఆశ కనిపించింది. ముందుకాలి టెండన్ దెబ్బతిన్న 113 గుర్రాలకు ఈ కణాలు ఎక్కించి చూస్తే, మళ్లీ గాయపడినవి 27 శాతం. పాత చికిత్సల లెక్కలకన్నా తక్కువే. మనుషుల్లో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, భుజం టెండన్ ఆపరేషన్‌తో పాటు మజ్జ కణాలు ఎక్కించినవాళ్లలో 87 శాతం మందికి పదేళ్ల తర్వాత కూడా కుట్టిన టెండన్ చెక్కుచెదరలేదు. ఎక్కించనివాళ్లలో 44 శాతమే. కానీ ఒక్కో వైపు 45 మందే, పైగా అది భుజం, అదీ ఆపరేషన్‌తో కలిపి. దాన్ని చూపించి నీ మడమకు గ్యారంటీ ఇచ్చేవాళ్లను మాత్రం నమ్మకు.

మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం మూడో వారంలోనే మానేశావు. అదే నాకు బాధ. అది 12 వారాలు చేయాల్సింది. పోగులు ఏ దిక్కుకు పేనుకోవాలో వాటికి తెలిసేది ఆ బరువు పడితేనే. ఇంజెక్షన్ చేయించుకున్నా అది తప్పదు. మీ ఫిజియోను కలిసి మళ్లీ మొదలుపెట్టు. స్కాన్ రిపోర్టు నాకు పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, రోజుకు ఎన్నిసార్లు దించావో లెక్క చెప్పాలి.

నీ
నేస్తం