రాయి అయిపోయిన గనికి కంచె ఎవరు వెయ్యాలి?

సంపాదకులకు నమస్కారం.

మాది బేతంచెర్ల దగ్గర పల్లె. 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా అయింది గానీ, ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోటికి కర్నూలనే వస్తుంది. సరే, అసలు సంగతి మా ఊరి చుట్టూ ఎర్రమల కొండల్లో నాపరాయి తీసి వదిలేసిన గుంతలది.

పోయిన వానాకాలం పొద్దుగూకే వేళ మా మేకలు రెండు ఒక గుంతలో పడ్డాయి. మా తమ్ముడు నడుముకు తాడు కట్టుకుని దిగితే ఒకటే దొరికింది. పొరలు పొరలుగా తీసిన రాయి కదా, అంచు చూస్తే అచ్చం మెట్లలాగే ఉంటుంది, పైన రెండు మెట్లు దిగొచ్చు కూడా, ఆ తర్వాత పచ్చగా నీళ్లు, లోతెంతో తెలీదు. ఎండాకాలం సెలవులొస్తే పిల్లలకు ఈత అక్కడే, ఇంట్లో వాళ్లకు ఒకటే టెన్షన్. గని నడిపినాయన రాయి అయిపోగానే ఇంకోచోట మొదలుపెట్టుకున్నాడు. అడిగితే లీజు అయిపోయింది, ఇంక నాదెట్లా అవుతుంది అన్నాడు. గనుల ఆఫీసుకు పోతే పంచాయతీని అడగమన్నారు, పంచాయతీ వాళ్లు ఆఫీసుకే పొమ్మన్నారు.

చిన్న గనులు మూసేయమని నేనడగను. మా నాన్న ముప్పై ఏళ్లు ఉలీ సమ్మెటా పట్టి బండలు లేపినవాడే, మా ఇంట్లో నేలకు పరిచిందీ ఆ రాయే. గ్రానైటుకు కావాల్సినంత మిషనరీ దీనికి అక్కర్లేదు, పొర చూసి ఉలి దించితే పలక లేస్తుంది, అందుకే ఎకరా రెండెకరాలున్న మనిషి కూడా నలుగురు కూలీలను పెట్టుకుని నడుపుతాడు. అలాంటివాడి చేత గుంత మొత్తం పూడ్పించడం అయ్యే పని కాదు, నాకూ తెలుసు. కానీ వదిలేసిన గని అంచుకు కంచె ఉండాలని గనుల్లో భద్రత కోసం 1961లో చేసిన మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. ఐదు హెక్టార్లలోపు లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పదని 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గనులున్న ఊళ్ల కోసమని 2015లో గనుల చట్టం సవరించి, లీజుదారులు కట్టే డబ్బుతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్లు కూడా పెట్టించారు. మరి ఆ డబ్బులో కొంచెం ఈ గుంతలకు ఖర్చు పెడితే ఏం పోతుంది?

పెద్ద ఖర్చేమీ కాదు కూడా. మా వైపు పొలాల గట్ల మీద నాపబండలే నిలువుగా పాతి కంచె వేసుకుంటారు. పనికిరాని బండలు ప్రతి గుంత పక్కనా గుట్టలుగా పడున్నాయి. కూలీ ఇస్తే చాలు, సిమెంటు కూడా అక్కర్లేదు.

మా మేకలు పడిన గుంతకు దారి వైపు నేనూ తమ్ముడూ పదమూడు బండలు పాతాం. మిగతా మూడు వైపులా అట్లాగే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బేతంచెర్ల మండలం