కామాఠీపురాలో మామ కిరాయి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. ఇంటి ఓనరు ఒక్కసారే నాలుగు వేలు పెంచాడని, బొంబైలో లాగా సర్కారు కిరాయిలు పెరగకుండా కట్టేస్తే పీడ వదిలేదని రాశావు. నీ కోపం న్యాయమైందే. కానీ మొన్న ఆదివారం ఇక్కడ బొంబైలోనే కామాఠీపురాలో మామ వాళ్లింటికి వెళ్లొచ్చాక నీతో ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మామ వాళ్ల తాత మన దిక్కు నుంచే మేస్త్రీ పనికి ఇక్కడికొచ్చాడు. అసలు ఆ పేటకి ఆ పేరొచ్చిందే మన కామాఠీ కూలీల వల్ల. ఆయన పగ్డీ, అంటే గదిలో ఉండే హక్కు కోసం ఓనరుకి ముందే ఇచ్చే పెద్ద మొత్తం, కట్టి తీసుకున్న ఒక్క గదిలోనే మూడు తరాలు గడిచాయి. మామ నెల కిరాయి 160 రూపాయలు! నేను ఇద్దరితో కలిసి ఉంటున్న గదిలో నా వాటాయే 11,000.

వినగానే మామది అదృష్టం అనిపిస్తుంది. ఇంట్లోకెళ్లి చూడాలి. పైకప్పు పెచ్చులూడుతోంది, మెట్ల కింద ఊతకర్రలు పెట్టారు. అత్త మంచాన్ని దూలం కింద నుంచి పక్కకి జరిపింది. "ఓనరు ఎందుకు బాగుచేయించడు?" అన్నాను. "ముప్పై గదుల కిరాయి కలిపినా ఒక గోడకి సున్నం రాదురా" అన్నాడు మామ. తిట్టాల్సిన మనిషి తరఫున ఆయనే మాట్లాడాడు చూడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ ఊరు కిక్కిరిసిపోయి కిరాయిలు ఎగబాకితే, 1947 చట్టం వాటిని 1940 సెప్టెంబరు రేటుకి కట్టేసింది. అప్పటికది అవసరమే, కూలీ మనిషి రోడ్డున పడకుండా కాపాడింది. తాత్కాలికమన్నదాన్ని పొడిగిస్తూ పోవడమే కొంప ముంచింది. సిమెంటు, కూలి, పన్ను అన్నీ పెరిగాయి, కిరాయి తప్ప. ఓనర్లు మరమ్మతు మానేస్తే 1969లో ప్రభుత్వమే పన్ను వేసి ఆ పని నెత్తినేసుకుంది. అప్పట్లో అలాంటి బిల్డింగులు 19 వేలకి పైనే. ఇలా స్తంభించిన కిరాయి సమంజసం కాదని 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 1999 చట్టం ఏడాదికి 4 శాతం పెంచుకోమంది. మామ 160 మీద లెక్కేస్తే 6 రూపాయల 40 పైసలు!

2017 ఆగస్టులో భేండీ బజార్‌లో హుస్సేనీ బిల్డింగ్ కూలి ముప్పై మందికి పైగా పోయారు. కూలిన ప్రతి ఇంటికీ కిరాయి ఒక్కటే కారణమనను. కానీ ఆ రోజు నుంచి వానాకాలమంతా అత్తకి కంటిమీద కునుకుండదు.

మామ కదలలేడు కూడా. పగ్డీ గది మరొకరికి మార్చాలంటే వచ్చిన సొమ్ములో ఓనరుకి మూడో వంతు దాకా ఇచ్చుకోవాలి, మిగిలినదానితో ఈ ఊళ్లో ఏమొస్తుంది? కొడుకు ఉద్యోగం పన్వేల్‌లో, రోజూ రైల్లో వేలాడుతూ పోయొస్తాడు. మరోపక్క, కిరాయికిస్తే మనిషి ఖాళీ చేయడన్న భయం ఓనర్ల ఎముకల్లో పాతుకుపోయింది. 2011 జనగణనలో ఈ ఊళ్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 4 లక్షల పైమాటే. అన్నీ ఆ భయంతోనే కాదులే, పెట్టుబడికి కొన్నవీ ఉన్నాయి. ఇచ్చేవాళ్లు కూడా 11 నెలల కాగితమే రాస్తారు. ఏటా నేను సామాను సర్దుకునేది అందుకే. పాతవాడికి దొరికిన రక్షణ ఖరీదు కొత్తగా వచ్చినవాడు కడుతున్నాడు, అది నాకు మింగుడుపడటం లేదు.

చట్టమే వద్దనను. నోటీసు లేకుండా పెంచకూడదు, కారణం లేకుండా వెళ్లగొట్టకూడదు, అంతవరకు గట్టిగా ఉండాలి. కానీ ఇల్లు నిలబడేంత కిరాయి మాత్రం రావాలిరా.

నువ్వు ఓనరుతో ఊరికే గొడవపడకు. రెండేళ్ల అగ్రిమెంట్ అడుగు, ఏటా ఎంత శాతం పెంచేదీ అందులోనే రాయించు. సంతకం పెట్టేముందు ఆ కాగితం నాకు పంపు, చూస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రమేష్