సీతాఫలం మొక్కలను ‘అర్క సహన్ అంట్లు’ అని అమ్మినందుకు ఫిర్యాదు

హైదరాబాద్,
నవంబర్ 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 2022 జూలైలో మీ దగ్గర కొన్న రెండు అర్క సహన్ (గింజలు తక్కువుండే సంకర సీతాఫలం) అంటు మొక్కలు ఆ రకానివి కావు. డబ్బు వాపసు, వివరణ, ఆ బ్యాచ్ కొన్నవారందరికీ సమాచారం కోరుతున్నాను.

అయ్యా,

మా మిద్దె తోట కోసం మీ వెబ్‌సైట్‌లో రెండు అర్క సహన్ అంట్లు, ఒక లక్ష్మణఫలం మొక్క కొన్నాను. అర్క సహన్ ఒక్కోటి 850 రూపాయలు. అదే పేజీలో విత్తనంతో పెంచిన సీతాఫలం మొక్క 120 రూపాయలకే ఉంది. మిగతా 730 నేను ఇచ్చింది రకానికీ, అంటుకీ. మొన్న సెప్టెంబర్‌లో మొదటి కాపు వచ్చింది. రెండు మొక్కలకూ మామూలు సీతాఫలాలే కాశాయి. లక్ష్మణఫలం మాత్రం చెప్పినట్టే ఉంది, దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు.

అర్క సహన్ అంటే ఏమిటో మీకు తెలియనిది కాదు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఐలాండ్ జెమ్ అనే అటెమోయాను (సీతాఫలానికీ, దాని దగ్గరి జాతి చెరిమోయాకూ పుట్టిన సంకరం), మామత్ అనే సీతాఫలాన్ని కలిపి తయారుచేసిన రకం. పండు పెద్దది, గింజలు తక్కువ, తీపి ఎక్కువ, కోశాక కొన్ని రోజులు నిలుస్తుంది. మీ పేజీలో కూడా ఇవే రాశారు. మా ఇంట్లో కాసినవి చిన్న పండ్లు. కళ్లు ఉబ్బి, పండగానే విచ్చుకుని, చేత్తో పట్టుకుంటే విడిపోతున్నాయి. గుజ్జు కంటే గింజలే ఎక్కువ. ఆకులు కూడా మా అత్తగారింటి పెరట్లో గింజ పడి మొలిచిన చెట్టు ఆకుల్లాగే సన్నగా ఉన్నాయి. మా మొక్కలవీ, ఆ పెరటి చెట్టువీ ఆకులు, పండ్లు పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు జతచేశాను.

ఇక మొక్కల మొదళ్ల సంగతి. ఒక మొక్కకు మీరు చుట్టిన ప్లాస్టిక్ టేపు విప్పితే లోపల అతుకే లేదు. బెరడు కింది నుంచి పైదాకా ఒకే తీరుగా, ఒక్క గాటు మచ్చ కూడా లేకుండా ఉంది. అంటే అంటు కట్టకుండానే టేపు చుట్టి పంపారు. రెండో దానికి అతుకు ఉంది, కానీ పైన కట్టిన కొమ్మ ఎండి మొద్దుగా మిగిలింది. పెరిగిందంతా అతుకు కింద, వేరు మొక్క నుంచి వచ్చిన చిగురే. పార్సిల్ విప్పిన రోజు తీసిన ఫొటోలో కూడా ఆకులన్నీ అతుకు కిందే ఉన్నాయి. కాబట్టి నా దగ్గర పైకొమ్మ చచ్చిందని అనడానికి వీల్లేదు. మొదటిది పొరపాటున జరిగేది కాదు. అంటు కట్టే మనిషికి తను కట్టాడో లేదో తెలుస్తుంది.

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి మూడు సమాధానాలు ఇచ్చారు.

డ్రమ్ములో పెంచితే, మట్టి సరిపడకపోతే పండు ఇలాగే వస్తుందన్నది మొదటిది. మట్టి వల్ల పండు చిన్నదవుతుంది, కాపు తగ్గుతుంది. రకం మారదు. పైగా ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక, వేపపిండి కలిపి నీళ్లు నిలవకుండా పెంచాను. ఏటా ఆకు రాలాక, కొత్త చిగురు రాకముందే కొమ్మలు కత్తిరించాను, పూత కొత్త చిగుళ్ల మీదే వస్తుంది కనుక. పిండినల్లి కనిపించినప్పుడల్లా వేపనూనె కొట్టాను.

రెండో సమాధానం విని నాకు నిజంగా కోపం వచ్చింది. నేను సీతాఫలం పుప్పొడి అద్దాను కాబట్టి సీతాఫలాలు కాశాయట! అద్దమన్నది మీరే. మొక్కతో పంపిన కరపత్రంలో ఉంది. ఈ జాతి పువ్వు ముందు ఆడపువ్వుగా ఉండి, ఆ తర్వాత పుప్పొడి వదులుతుంది. అందుకే ఏ పువ్వుకు దాని పుప్పొడి అందడం కష్టం. మామూలుగా చిన్న పెంకు పురుగులు ఆ పని చేస్తాయి. మిద్దె మీదికి అవి సరిగా రావు. అందుకని పూర్తిగా విచ్చుకున్న సీతాఫలం పువ్వుల పుప్పొడి దులిపి డబ్బీలో పెట్టుకుని, పొద్దున్నే సగం విచ్చిన పువ్వుల్లో బొమ్మలేసే కుంచెతో అద్దాను. అర్క సహన్‌కు సీతాఫలం పుప్పొడి అద్దాలన్నది ఆ రకాన్ని పెంచేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. పుప్పొడిని బట్టి కాయ పరిమాణం, ఆకారం కొంత మారవచ్చు. కానీ తొక్కా గుజ్జూ తయారయ్యేది తల్లి పువ్వులోంచే. తండ్రి పోలిక గింజలోకి వెళ్తుంది, ఆ గింజ నాటితే వచ్చే మొక్కలో కనిపిస్తుంది. పోనీ పండు మాట వదిలేద్దాం, ఆకుల సంగతేమిటి? వాటికి పుప్పొడితో ఏం పని? మొక్కలు అమ్మే కంపెనీ ఇలాంటి మాట చెప్పి కొన్నవాళ్లను పంపించేయడం అన్యాయం.

మూడోది మీ ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ నిబంధన. మొక్క వాడిపోయి వస్తే, కుండీ పగిలి వస్తే ఏడు రోజులు చాలు. పండ్ల మొక్క రకం తేలడానికి కాపు రావాలి. ఈ నిబంధన చూపిస్తే ఏ రకం పేరు పెట్టి ఏ మొక్క అమ్మినా మిమ్మల్ని అడిగేవాళ్లుండరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం కొన్న సరుకు నాణ్యత, స్వచ్ఛత, ప్రమాణం ఏమిటో తెలుసుకునే హక్కు నాకుంది. మీ షరతుల పేజీ ఆ హక్కును తీసేయలేదు. మోసం ఈ కాపుతోనే బయటపడింది, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నాకు పోయింది 1,700 రూపాయలే అనుకోకండి. మిద్దె మీద రెండు పెద్ద డ్రమ్ములకు మించి బరువు పెట్టే వీలు లేదు. ఆ చోటును ఇన్నేళ్లూ వీటికే ఇచ్చాను. మా మామగారికి గింజలు ఏరుకోవడం కష్టమని, ఆయన తినగలిగే సీతాఫలం ఇంట్లోనే కాయాలని కదా ఈ రకం కొన్నాను! ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. మళ్లీ అంటు నాటి, కాపు కోసం ఎదురుచూడమని ఆయనకు ఎలా చెప్పను?

నేను అడుగుతున్నవి ఇవి. రెండు మొక్కల ధర, రవాణా ఖర్చు వాపసు ఇవ్వండి. అసలైన అర్క సహన్ అంట్లు రెండు పంపండి. పైకొమ్మ ఏ తల్లి చెట్టు నుంచి తెచ్చారో, వేరు మొక్క సీతాఫలమో రామాఫలమో కాగితం మీద రాసి ఇవ్వండి. 2022 జూలై బ్యాచ్‌లో ఈ రకం కొన్న ప్రతి ఒక్కరికీ మీరే సమాచారం పంపండి. వాళ్లలో చాలామంది తమ పెంపకంలోనే లోపం ఉందనుకుని ఊరుకుని ఉంటారు. ఇది నాకు డబ్బు కంటే ముఖ్యం. అంటు మొక్కల విషయంలో ఏడు రోజుల నిబంధన తీసేసి, మొదటి కాపు వరకు రకానికి పూచీ ఇవ్వండి.

ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మొక్కలు పీకలేదు. మీ తరఫున ఉద్యాన నిపుణుడెవరైనా వచ్చి చూస్తామంటే ముందురోజు ఫోన్ చేయండి, మొదళ్లు, అతుకు, టేపు అన్నీ చూపిస్తాను.

జతచేసినవి: బిల్లు, పార్సిల్ విప్పినప్పటి ఫొటోలు, అతుకు ఫొటోలు, పండ్లు, ఆకుల ఫొటోలు, మీ కరపత్రం నకలు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు