అది రాయి కాదని ముందే చెప్పించండి

గౌరవనీయులైన అండమాన్ నికోబార్ దీవుల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

నమస్కారం. నేను రాజమండ్రిలో బడి టీచర్ని. ఈ వేసవి సెలవుల్లో మా ఆయన, అత్తగారు, తొమ్మిదేళ్ల మా అబ్బాయితో కలిసి మీ దీవులకు వచ్చాను. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. అందుకే ఈ ఉత్తరం ధైర్యంగా తెలుగులో రాస్తున్నాను. మీ కార్యాలయంలోనే దీన్ని చదివి మీకు వినిపించేవాళ్లు ఉంటారని నా నమ్మకం.

నేను చెప్పదలచుకున్నది షహీద్ ద్వీప్‌లో గడిపిన ఒక్క రోజు గురించే. 2018 దాకా నీల్ ఐలాండ్ అని పిలిచిన ఆ దీవిలో ఊళ్ల పేర్లు వింటేనే మా అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్! పొద్దున ఓడ దిగగానే భరత్‌పూర్ బీచ్‌కి వెళ్లి, అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కాం. కింద పగడాలు, వాటి మధ్య చారల చేపలు. మోకాళ్ల నొప్పులతో పడవ ఎక్కనన్న మా అత్తగారు దిగనని మారాం చేశారు. మధ్యాహ్నం అన్నం, చేపల కూర తిని, ఆటోలో లక్ష్మణ్‌పూర్ వైపు రాతి వంతెన చూడటానికి బయల్దేరాం. సముద్రం కోసి కోసి తయారు చేసిన ఆ వంతెనను అక్కడి బెంగాలీలు హౌరా బ్రిడ్జి అని పిలుచుకుంటారట.

అసలు సంగతి అక్కడే జరిగింది.

నీరు బాగా తీసిన వేళ అది. వంతెన దాకా పరుచుకున్న రాతినేల మీద జనం ఎటు పడితే అటు నడుస్తున్నారు. మేమూ నడిచాం. మావాడు ఒక మడుగులోకి దూకాడు. కాలి కింద పటుక్కుమని చప్పుడైంది. అటుగా వస్తున్న స్థానిక గైడు, పెద్దాయన, వచ్చీరాని తెలుగులో "రాయి కాదు బాబూ, బతికుంది" అన్నాడు. మా అందరి ముఖాలూ పాలిపోయాయి. అప్పటికి మేం పావుగంటగా బతికున్న పగడాల మీదే నడుస్తున్నాం.

ఆ తర్వాత ఆయన వెంటే వెళ్లాం. ఎక్కడ అడుగు వేయాలో, ఎక్కడ వేయకూడదో చూపించాడు. రాతి సందులో నీలం రంగు పెదవులు తెరుచుకున్న పెద్ద ఆల్చిప్పను, మడుగులో కదలకుండా పడుకున్న సముద్ర దోసకాయ అనే జీవిని చూపించాడు. ఇలాంటి పగడం చాలా నెమ్మదిగా పెరుగుతుందని చెప్పాడు. అంటే మావాడు ఒక్క గెంతులో విరగ్గొట్టింది వాడి వయసంత పగడం కావచ్చు. ఆ రాత్రి వాడు అన్నం సరిగా తినలేదు.

అయ్యా, మా సెలవులు ఏప్రిల్, మే నెలల్లోనే. సముద్రం బాగా వేడెక్కేదీ అప్పుడే. 2010లో ఆ నెలల వేడికే అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి నీరసించాయి. అసలే వేడికి అల్లాడే ప్రాణుల మీద, సరిగ్గా అప్పుడే మేమంతా వచ్చి అడుగులు వేస్తున్నాం. రావద్దని మీరు అనక్కర్లేదు. వచ్చినవాళ్లకు ముందే చెప్పించండి చాలు.

పగడాలు, గవ్వలు తీసుకెళ్తే నేరమన్న మాట మాకు గట్టిగా వినిపించింది తిరుగు ప్రయాణంలో, విమానం ఎక్కే ముందు. ఆ మాట దిగినప్పుడే చెప్పాలి కదా! విశాఖ నుంచి ఓడలో వచ్చేవాళ్లు రెండు రోజులకు పైగా సముద్రం మీదే ఉంటారు. వాళ్లకు తీరిగ్గా, తెలుగులోనే చెప్పవచ్చు.

షహీద్ ద్వీప్ జెట్టీ దగ్గర ఒక నల్లబల్ల పెట్టించండి. ఆ రోజు నీరు ఎన్నింటికి తీస్తుందో, ఎన్నింటికి పోటెక్కుతుందో సుద్దముక్కతో రాస్తే చాలు. ఆ వేళ రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి రంగుతో రాసిన బోర్డు పనికిరాదు. హిందీ, ఇంగ్లీషు, బెంగాలీలతో పాటు తమిళం, తెలుగు కూడా ఉండాలి. రాతి వంతెన దగ్గర గైడు లేకుండా ఎవరినీ దిగనివ్వకండి. ఆ పెద్దాయనలాంటి స్థానికులకే శిక్షణ ఇచ్చి, ధర మీరే నిర్ణయించి ఆ పని అప్పగించండి. నడవాల్సిన దారికి గుర్తులు పెట్టించండి. నీరు తీసిన ఒక్కో వేళకు ఇంతమందే అని లెక్క పెడితే కొందరికి నిరాశ కలగొచ్చు. నాకైతే ఒక గంట వేచి ఉండటం అభ్యంతరం కాదు.

వచ్చే ఏప్రిల్‌లో మా బడి టీచర్లు మూడు కుటుంబాలు అక్కడికి రావాలనుకుంటున్నారు. దారి నన్నే అడుగుతున్నారు. ఈలోగా ఆ నల్లబల్ల ఒక్కటైనా పెట్టిస్తారని ఆశిస్తూ,

ఇట్లు,
రాజమండ్రి నుంచి ఒక టీచరు