ఇంజిన్ ఆయిల్ ఎక్కువైనా ముప్పే

సంపాదకులకు నమస్కారం.

కారు ఇంజిన్‌లో ఆయిల్ తగ్గితే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువైనా హాని తప్పదన్న సంగతిని మాత్రం చాలామంది పట్టించుకోవడం లేదు. ఆయిల్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) మీది గరిష్ఠ గీతను బాగా దాటితే, ఇంజిన్‌లో వేగంగా తిరిగే క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసు దానిని మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది. గాలి బుడగలు కలిసిన ఆ ఆయిల్‌ను పంపు సరైన ఒత్తిడితో అందించలేక బేరింగులు అరిగిపోయే అవకాశం ఉంది, సీళ్ల నుంచి కారడమూ మొదలుకావచ్చు.

కారును చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపాక 5 నుంచి 10 నిమిషాలు ఆగితే పైనున్న ఆయిల్ అడుగునున్న సంప్ అనే తొట్టిలోకి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్‌ను తీసి, శుభ్రంగా తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసినప్పుడు కనిపించేదే నమ్మదగిన కొలత. (కొన్ని మోడళ్లకు పద్ధతి వేరు, కారుతో ఇచ్చిన మాన్యువల్‌దే తుదిమాట.) చాలా కార్లలో డిప్‌స్టిక్‌పై కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య తేడా సుమారు 1 లీటరే కాబట్టి, డబ్బా మొత్తం ఒంపేయకుండా పావు లీటరు చొప్పున పోసి, కాసేపు ఆగి మళ్లీ చూడాలి.

డాష్‌బోర్డుపై ఎర్ర ఆయిల్ దీపం వెలిగేదాకా ఆగడం మరీ ప్రమాదకరం. సాధారణంగా అది ఒత్తిడి పడిపోయిందని చెప్పే హెచ్చరిక. వెలిగిన వెంటనే ఇంజిన్ ఆపేయాలి. సర్వీసు చేసి కారు అప్పగించేటప్పుడు యజమాని ఎదుటే డిప్‌స్టిక్ తీసి చూపించడాన్ని మెకానిక్‌లు ఆనవాయితీగా పెట్టుకోవాలని కోరుతున్నాను.

– ఒక వాహనదారుడు