పంచాంగ శ్రవణం ఏ వేదికపై?

సంపాదకులకు నమస్కారం.

ఉగాది నాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలే పంచాంగ శ్రవణం జరిపించడం ఆనవాయితీగా వస్తోంది. ఆ ఏడు వానలు, పంటలు, పాలన ఎలా ఉంటాయో సిద్ధాంతులు ముఖ్యమంత్రుల సమక్షంలోనే చెబుతుంటారు. ఏళ్ల తరబడి బడిలో భౌతికశాస్త్రం బోధించినవాడిని, నేటికీ పంచాంగం చూసే పండుగలు చేసుకుంటున్నవాడిని కనుక ఈ విషయంలో ఒక మాట చెప్పుకోవాలనిపించింది.

పంచాంగంలో రెండు రకాల సంగతులున్నాయి. తిథులు, గ్రహణ సమయాలు గణితం వల్ల తేలేవి. లెక్క తప్పితే గ్రహణం నాడు ఆకాశమే ఆ సంగతి తేల్చేస్తుంది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అలా సరిచూసుకునేవి కావు, అవి నమ్మకానికి చెందినవి. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన కేలండర్ సంస్కరణ సంఘం సిఫార్సులను అనుసరించి కేంద్రం 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరపు జాతీయ కేలండర్‌ను తన వ్యవహారాలకు స్వీకరించింది. అయినా పాత పంచాంగాలను వదిలేయమని ఏ గుడినీ, ఏ ఇంటినీ శాసించలేదు. శాస్త్రానికి, విశ్వాసానికి, ప్రభుత్వానికి అప్పుడు ఎవరి చోటు వారికి దక్కిందని నా అభిప్రాయం.

2001లో ఆ హద్దు చెరిగింది. విశ్వవిద్యాలయాల్లో ‘జ్యోతిర్విజ్ఞానం’ పేరిట జ్యోతిష కోర్సులు పెట్టాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిర్ణయించినప్పుడు, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్పమిత్ర భార్గవ మరికొందరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడి, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. విద్యా విషయాలను నిపుణుల సంస్థకే వదిలిపెట్టాలన్న న్యాయస్థానం సంయమనాన్ని అర్థం చేసుకోగలను, ఎందుకంటే ఏది శాస్త్రమో తీర్పులు తేల్చలేవు. ఓట్లూ తేల్చలేవు. కానీ విజ్ఞానం అన్న పేరు తగిలించుకున్నది విజ్ఞానానికి పెట్టే పరీక్షకు నిలబడాలి కదా? ఆ కోర్సులకు ఖర్చయ్యేది అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ కట్టిన పన్ను డబ్బు కాబట్టి, ఆ ప్రశ్న అడిగే హక్కు ప్రతి పౌరునికీ ఉంది. శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976 నాటి 42వ సవరణ రాజ్యాంగంలోనే చేర్చింది.

ఉగాది వేడుకను మానేయమని నేను కోరడం లేదు. పచ్చడి, కవి సమ్మేళనం, సంవత్సర నామం, తిథి వార నక్షత్రాలు అన్నీ ఉండవలసినవే. ఫలితాలను మాత్రం గుడి మండపానికి వదిలిపెట్టాలి. వాతావరణ శాఖ ఏప్రిల్‌లో నైరుతి రుతుపవనాల అంచనా ప్రకటించి, వానాకాలం ముగిశాక అది ఎంతవరకు నిజమైందో తానే లెక్కగట్టి వెల్లడిస్తుంది. ప్రభుత్వ వేదికపైనే ఫలితాలు చదివించి తీరాలనుకుంటే, ఈ శాఖ పాటిస్తున్న పద్ధతినే అక్కడా పాటించి, నిరుడు చెప్పినవాటిలో ఏవి జరిగాయో, ఏవి జరగలేదో ముందుగా సభకు చదివి వినిపించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి