పీ0171 కోడ్ రాగానే పంపు మార్చేస్తారా?

సంపాదకులకు,

అయ్యా,

షెడ్లలో కారుకు స్కానర్ తగిలించి, తెరపై పడిన లోపం కోడ్‌నే తీర్పుగా ప్రకటిస్తున్న తీరు గురించి నా అనుభవంతో నాలుగు మాటలు రాస్తున్నాను.

నా పెట్రోల్ కారు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగలేక జర్కులు ఇస్తుండడంతో విజయవాడలోని ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. స్కానర్‌లో పీ0171 వచ్చింది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదన్నదే ఆ కోడ్‌కు అర్థం. గాలి దొంగదారిన లోపలికి వెళ్లినా, పెట్రోలు ఫిల్టర్ పూడుకుపోయినా, గాలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చెప్పినా అదే వస్తుంది. అయినా ఐదు నిమిషాల్లో ‘పెట్రోలు పంపు పోయింది సార్’ అని తేల్చి, కోడ్ చెరిపేసి, కొత్త పంపు వేశారు. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు ఎంతున్నాయో కారులోని కంప్యూటర్ దాచుకున్న వివరాలు కూడా కోడ్‌తోపాటే చెరిగిపోతాయి. పంచనామాకు ముందే నేల కడిగేసినట్టన్నమాట.

మూడో రోజుకు జబ్బు తిరగబెట్టింది. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన స్కానర్ తగిలించి, పక్కన కూర్చుని నాచేత కారు నడిపించారు. కంప్యూటర్ తన లెక్కకు మించి పెట్రోలును ఎంత పెంచుకుంటోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకె, ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) 4 శాతమే ఉండి, గేరులో గట్టిగా తొక్కేసరికి 22కు చేరింది. గాలి లీకైతే ఐడిల్‌లోనే ఎక్కువ చూపాలని, ఇక్కడ కొరత పెట్రోలు సరఫరాలో ఉండే అవకాశమే ఎక్కువని ఆయన వివరించారు. కామన్‌రైల్ (ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ డీజిల్ అందించే) డీజిల్ బళ్లలో అయితే కంప్యూటర్ కోరిన ఇంధన పీడనాన్నీ, వచ్చిన పీడనాన్నీ స్కానర్‌లోనే పోల్చుకోవచ్చు కానీ, నా కారులాంటి చాలా పెట్రోల్ బళ్లలో ఆ పీడనాన్ని కొలిచే సెన్సరే ఉండదు. అందుకని పీడనం కొలిచే గేజీ తగిలించారు. కొత్త పంపు ఉన్నా పీడనం తక్కువే! వెనక సీటు ఎత్తి మల్టీమీటర్ పెడితే, బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులుండగా పంపు కనెక్టర్ దగ్గర 10 మాత్రమే ఉన్నాయి. ఎర్త్ పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది; అందుకే పంపుకు చాలినంత కరెంటు అందడం లేదు. ఆ కనెక్టర్ మార్చాక కారు మళ్లీ మొరాయించలేదు.

పంపు మార్చాలని చెప్పేముందు కోడ్‌తోపాటు ఫ్యూయల్ ట్రిమ్, పీడనం, పంపు దగ్గరి వోల్టేజీ అంకెలను జాబ్ కార్డులో రాసి యజమానికి చూపడాన్ని రవాణా శాఖ తప్పనిసరి చేయాలి. ఐటీఐల్లో మోటారు మెకానిక్ విద్యార్థులకు, కోడ్ చదవడంతో సరిపెట్టక, నడుస్తున్న బండిలో ఈ అంకెలను చదివించి నేర్పాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయవాడ.